ఎదురుచూపులకు నీడ కట్టినవాడు

జమ్మికుంట, హుజూరాబాద్ దిక్కు ఊళ్లలో పాతతరం వాళ్లను కదిలిస్తే పట్నం పోయిన ముచ్చట్లు ఎక్కువగా రెండింటి చుట్టే తిరుగుతాయి. ఒకటి ఉస్మానియా దవాఖాన. రెండోది హైకోర్టు. చార్మినారు, గాజుల దుకాణాలు, సినిమా అన్నీ ఆ పనుల నడుమ సందు దొరికితేనే. కడుపునొప్పి కరీంనగర్‌లో నయం కాకపోతే పెద్ద దవాఖాన. పొలం గెట్టు పంచాయితీ కింది కోర్టులో తెగకపోతే పెద్ద అదాలత్. పొద్దున రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగడం, సిటీ బస్సు పట్టుకుని అఫ్జల్‌గంజ్ చేరడం, మూసీకి ఈ ఒడ్డున దవాఖానకో ఆ ఒడ్డున కోర్టుకో పోవడం. ఇప్పటికీ భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో ఆ బాపతు ప్రయాణికులు కనిపిస్తారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఎక్స్‌రేలో కేసు కాయితాలో.

ఏటికి ఎదురెదురుగా నిలబడ్డ ఆ రెండు కట్టడాల వెనకా ఉన్నది ఒకే వాస్తుశిల్పి. కోర్టు పక్కన ఉన్న సిటీ కాలేజీ, కాచిగూడ రైల్వే స్టేషన్ కూడా ఆయనవే. పేరు విన్సెంట్ జెరోమ్ ఎష్. ఇంగ్లండు మనిషి, 1876లో పుట్టారు. నిజాం కొలువులో 1914 నుంచి 1921 దాకా, అంటే ఏడేళ్లు, పనిచేశారు. ఆ ఏడేళ్లలో హైదరాబాద్ నది ఒడ్డు ముఖమే మారిపోయింది. అయినా అఫ్జల్‌గంజ్ చౌరస్తాలో నిలబడి ఆ పేరు అడిగితే చెప్పేవాళ్లు దొరకరు. నిజాం కట్టించాడు అంటారు, అంతే. కట్టించినవాడి పేరు నిలుస్తుంది, గీసినవాడి పేరు పోతుంది. మన దేశంలో ఇది కొత్త సంగతేమీ కాదు.

రైలు వెంట వచ్చినవాళ్లు

ఎష్‌ను అర్థం చేసుకోవాలంటే ముందు ఆ కాలపు వలసను చూడాలి. పందొమ్మిదో శతాబ్దం చివరి పదేళ్లలో బ్రిటన్‌లో పడుచు వాస్తుశిల్పులకు పోటీ ఎక్కువ, పని తక్కువ. సామ్రాజ్యం మాత్రం ప్రపంచమంతా రైలు పట్టాలు పరుచుకుంటూ పోతున్నది. పట్టాలు పడ్డచోట స్టేషన్ కావాలి, హోటల్ కావాలి, కచ్చేరీ కావాలి, క్లబ్బు కావాలి. సంచిలో గీత సామాను వేసుకుని ఓడ ఎక్కినవాళ్లకు కొదవ లేదు.

కెనడా పడమటి తీరంలో ఇదే కథను ఫ్రాన్సిస్ రాటెన్‌బరీ నడిపించారు. లీడ్స్‌లో పుట్టి 1892లో వాంకూవర్‌లో దిగిన ఆ కుర్రవాడు మరుసటి ఏడే బ్రిటిష్ కొలంబియా శాసనసభ భవనం పోటీ గెలిచారు. అప్పటికి వయసు పాతికేళ్లు. 1898లో ఆ భవనం తెరిచారు. తర్వాత కెనడియన్ పసిఫిక్ రైల్వే కోసం విక్టోరియా నగరంలో ఎంప్రెస్ హోటల్ గీశారు, అది 1908లో మొదలైంది. చివరికి మళ్లీ ఇంగ్లండు చేరి, 1935లో బోర్న్‌మత్‌లో సొంత ఇంట్లో హత్యకు గురయ్యారు. భార్య ప్రేమించిన డ్రైవర్ కుర్రాడే చంపాడు. ఆ కేసు విచారణ ఇంగ్లండు పత్రికలను కొన్నాళ్లు ఊపేసింది. కట్టిన భవనాల కంటే చచ్చిన తీరుకే ఎక్కువ పేరు రావడం ఏ వాస్తుశిల్పికీ రాకూడని కష్టం.

ఎష్ జీవితంలో అంత నాటకం లేదు. ఆయన్ను తెచ్చిందీ రైలే. కలకత్తా కేంద్రంగా నడిచే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో ఉద్యోగం. ఆ తర్వాత కలకత్తాలోనే సొంత కార్యాలయం. టెంపుల్ ఛాంబర్స్, బెంగాల్ క్లబ్బు లాంటివి గీస్తూ తెల్లదొరల సమాజంలో నిలదొక్కుకున్నారు. అయితే ఆయన జాతకం మార్చింది వేరే పని, విక్టోరియా మెమోరియల్.

రాణి చనిపోయాక వైస్రాయి కర్జన్ తలపెట్టిన ఆ పాలరాతి కట్టడానికి నక్షా ఇచ్చింది విలియం ఎమర్సన్. లండన్‌లో పెద్ద పేరు. కానీ పని కలకత్తాలో జరగాలి, రోజూ నేల మీద నిలబడి చూసుకునే మనిషి కావాలి. ఆ బాధ్యత ఎష్ మీద పడింది. 1906 జనవరిలో శంకుస్థాపన. కలకత్తా నేల మెత్తటి ఒండ్రు, అంత బరువు మోస్తుందా అని పునాదులను పరీక్షించడానికే ఏళ్లు పట్టింది. పైకట్టు పని 1910లో మార్టిన్ కంపెనీకి ఇచ్చారు, రాజేంద్రనాథ్ ముఖర్జీ దాని పెద్దల్లో ఒకరు. మకరానా పాలరాయి తెచ్చి పేర్చి పేర్చి, చివరికి 1921 డిసెంబరులో తెరిచారు. ఒకరు గీసిన బొమ్మను ఇంకొకరి నేల మీద, మరొకరి చేతులతో నిలబెట్టడం ఎలాగో ఎష్ అక్కడ నేర్చుకున్నారు. హైదరాబాద్‌లో ఆయనకు అక్కరకొచ్చిన విద్య అదే.

ఏరు ఊడ్చేసిన జాగా

1908 సెప్టెంబరు 28. మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచింది. చనిపోయినవాళ్లు 15 వేలు అని చరిత్రలో స్థిరపడ్డ లెక్క. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి, పాత పురానాపూల్ ఒక్కటే తట్టుకుంది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, బిడ్డను ఆ నీళ్లకే పోగొట్టుకున్నారు. ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ దవాఖాన కూడా పోయింది. క్లోరోఫాం మీద 1880ల్లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పరీక్షలు జరిపించి ప్రపంచం కళ్లు హైదరాబాద్ మీద పడేలా చేసిన వైద్య పరంపర ఆ దవాఖానదే. అక్కడి చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆవరణలో ఉంది.

వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన రెండు చెరువులు కట్టి నీటిని ఆపాలన్నారు ఆయన. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు అప్పుడు పాతికేళ్లు. మరుసటి ఏడే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఏటి ఒడ్డుకు రాతి గోడలు, వాటి వెనక తోటలు, వాటి మీద పెద్ద కట్టడాలు అన్నది ఆలోచన. ఖాళీ అయిన జాగా ఉంది, ఖజానాలో డబ్బుంది, తన పేరు నిలవాలన్న కోరిక ఉన్న కుర్ర రాజు ఉన్నాడు. 1914లో ఎష్‌కు కబురు వెళ్లింది.

వాస్తుశిల్పికి ఇంతకంటే అదృష్టం ఏముంటుంది? అయితే ఎష్ చేతికి తెల్లకాయితం ఇవ్వలేదని గుర్తుంచుకోవాలి.

హైకోర్టు ఎవరిది?

హైకోర్టు సంగతి తీసుకోండి. నక్షా వేసింది జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్. నేల మీద పని నడిపింది స్థానిక ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్. ప్రధాన వాస్తుశిల్పి ఎష్. మూడు పేర్లూ రికార్డులో ఉన్నాయి. ఇంగ్లిష్ పుస్తకాలేమో మొత్తం కీర్తిని ఎష్ ఖాతాలో వేస్తాయి, మనవాళ్లలో కొందరు ఆవేశంతో ఆయన పేరే తీసేస్తారు. నాకు రెండూ సరిగా తోచవు.

జైపూర్ అప్పటికే ఈ విద్యలో ఆరితేరిన చోటు. అక్కడి ఇంజనీరు శామ్యూల్ స్వింటన్ జాకబ్ 1890 నుంచి పాత కట్టడాల బోదెలు, స్తంభాలు, జాలీలు, కమానులు ఉన్నవున్నట్టు గీయించి సంపుటాలుగా అచ్చువేయించారు. గీసిన చేతులు జైపూర్ వాళ్లవే. ఆ ఊరి నక్షానవీసుకు కమాను ఎక్కడ వంగాలో, ఛత్రీ ఎక్కడ కూర్చోవాలో ఒకరు చెప్పనక్కరలేదు. కానీ ఒక హైకోర్టుకు ఎన్ని గదులు కావాలి, జడ్జి నడిచే దారి కక్షిదారు నడిచే దారి కలవకుండా ఎలా, అంత పెద్ద గుమ్మటం బరువు కింద గోడలకు ఎలా పంచాలి అన్న లెక్కలు ఉంటాయి. కలకత్తాలో మెత్తటి నేల మీద పాలరాతి కొండను నిలబెడుతున్న మనిషి అలాంటి చోట పనికొస్తాడు. మేస్త్రి లేకుండా ఇంజనీరు, ఇంజనీరు లేకుండా మేస్త్రి పెద్ద కట్టడం లేపలేరని ఊళ్లో ఇల్లు కట్టుకున్న ఎవరైనా చెప్తారు.

1915 ఏప్రిల్‌లో పని మొదలై 1919 మార్చిలో ముగిసింది, 1920 ఏప్రిల్ 20న నిజాం తెరిచారు. అంటే చాలావరకు మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగానే, నాలుగేళ్లలో లేచింది. గులాబీ రంగు గ్రానైట్, ఎర్ర ఇసుకరాయి. విక్టోరియా మెమోరియల్, హైకోర్టు రెండూ ఒకే మనిషి చేతి కింద ఒకే కాలంలో లేచాయన్నది నాకు ఎప్పుడూ వింతే. మొదటిది చనిపోయిన రాణికి పెట్టిన తెల్లటి మొక్కు. రెండోది బతికున్నవాళ్ల తగవులు తెగే ఇల్లు. రెండింటిలో హైకోర్టే మేలు కట్టడమని నా అభిప్రాయం. కలకత్తా కట్టడం చూసేవాడిని దూరం నిలబెడుతుంది. మన కోర్టు కమానులు లోపలికి రమ్మంటాయి. లోపల ఏం జరుగుతుందన్నది వేరే సంగతి. 2009 ఆగస్టు 31న ఈ భవనంలో మంటలు లేచి పుస్తకాలు, కొన్ని గదులు కాలిపోయాయి. బాగుచేసుకుని మళ్లీ కోర్టు నడిపించారు.

1937లో నిజాం రజతోత్సవాలకు న్యాయశాఖ వాళ్లు ఇచ్చిన కానుక ఈ హైకోర్టు వెండి నమూనా. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో చూడొచ్చు. మనిషి లోపలికి దూరలేని ఆ చిన్న వెండి కోర్టులో కేసులు పెండింగ్ పడే బాధ లేదు.

వరండా లెక్క

ఉస్మానియా దవాఖాన దగ్గరికి వస్తే ఎష్ గొప్పతనం వేరే చోట కనిపిస్తుంది. 1925లో పూర్తయింది, అప్పటికి ఆయన ఇక్కడ లేరు. బయటి నుంచి చూస్తే గుమ్మటాలు, బురుజుల వరస కంటికి పండుగ. కానీ ఒక రాత్రి రోగి వెంట అక్కడ ఉండి చూసినవాళ్లకు గుర్తుండేది గుమ్మటం కాదు, వరండా. ఎత్తైన కప్పు, ఎదురెదురు కిటికీలు, మందపాటి సున్నపు గోడలు. కరెంటు పంకాలు అరుదైన కాలంలో గాలి తనంతట తాను తిరిగేలా చేసిన ఏర్పాటు అది. ఏప్రిల్ ఎండలో బయట నేల కాలుతున్నా వరండాలో వీపు ఆన్చి కూర్చోగలిగేవాళ్లు.

జిల్లా మనిషికి పట్నంలో ప్రధానమైన పని ఏమిటో ఆలోచించండి. ఎదురుచూడటం. డాక్టరు కోసం, వకీలు కోసం, వాయిదా కోసం, రైలు కోసం. లోపలి గదిలో పడే సమయం పది నిమిషాలు, బయట కూర్చునేది పొద్దంతా. ఎష్ హైదరాబాద్‌లో కట్టినవన్నీ అలాంటి చోట్లే. కోటలు కాదు, రాజమహళ్లు కాదు. స్టేషను, బడి, దవాఖాన, కోర్టు. వాటిలో ఆయన బయట కూర్చునేవాడికి నీడ పెట్టారు. దాన్ని దయ అనుకోనక్కరలేదు. ఈ దేశపు ఎండ తెలిసిన ఏ మంచి కట్టడమైనా చేసే పనే అది, మన మండువా లోగిళ్లూ గడీల వసారాలూ అదే చేశాయి. అయినా చేయవలసిన పని చేయని వాస్తుశిల్పులు ఎంతమంది! అద్దాల గోడలు కట్టి, లోపల ఏసీ పెట్టి, రోగి బంధువులను చెట్ల కిందికి తరిమే ఇప్పటి కార్పొరేట్ ఆసుపత్రులు చూస్తున్నాం కదా.

కాచిగూడ స్టేషన్ 1916 నాటిది. గోదావరి లోయ మీదుగా మన్మాడ్ పోయే మీటర్‌గేజ్ రైళ్లకు అది ముఖ్యమైన చోటు. పైన గుమ్మటాలు, మినార్లు. దూరం నుంచి దర్గానో మహల్‌నో అనుకుంటాం. కట్టింది మాత్రం రాయి కాదు, ముందే పోతపోసి తెచ్చి అమర్చిన ఇనుప కడ్డీల కాంక్రీటు. ఆ రోజుల్లో ఇక్కడ అది సాహసం. కొత్త సరుకుకు పాత బట్ట కట్టడమేమిటని ఆధునికులు వెక్కిరించవచ్చు. నాకైతే ఆయన ఇక్కడ కట్టిన నాలుగింటిలో అన్నింటికంటే ధైర్యమైనది అదే.

మన జమ్మికుంటకు రైలు ఆ తర్వాత వచ్చింది. కాజీపేట నుంచి బల్హార్షా దాకా నిజాం రైల్వే వేసిన దారి 1929కి పూర్తయి మద్రాసుకు ఢిల్లీకి నేరు దారి దొరికింది. ఆ దారిలోనే జమ్మికుంట పత్తికి, ధాన్యానికి పేరున్న మార్కెట్ అయింది. అంటే మనవాళ్లకు పట్నం రైలు అందేసరికి ఎష్ కట్టినవి దాదాపు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మనం పోయి కూర్చోవడమే మిగిలింది.

ఇంకొక వలసగాడు

చదువు కోసం పోయినవాళ్లు ఊరుకోరు. ఆర్ట్స్ కాలేజీ సంగతేమిటంటారు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ఎష్‌ది కాదు. అదీ వలస వచ్చినవాడి గీతే. ఎర్నెస్ట్ జాస్పర్, బెల్జియం మనిషి. ఎష్ పుట్టిన 1876లోనే పుట్టారు. ఈజిప్టులో బేరన్ ఎంపైన్ ఎడారిలో కట్టించిన హీలియోపోలిస్ నగరానికి పనిచేశారు. అక్కడ 1910లో తెరిచిన ఆయన పెద్ద హోటలే ఈనాడు ఈజిప్టు అధ్యక్షుడి భవనం.

ఉర్దూ మాధ్యమంలో 1918లో ఏర్పడ్డ విశ్వవిద్యాలయం చాలా ఏళ్లు అద్దె ఇళ్లలో నడిచింది. అడిక్‌మెట్ దగ్గర జాగా కుదిరాక నిజాం సర్కారు నవాబ్ జైన్ యార్ జంగ్‌ను, సయ్యద్ అలీ రజాను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. ఆ తిరుగుడులో దొరికిన మనిషి జాస్పర్. 1934 జులై 5న ఆర్ట్స్ కాలేజీకి పునాదిరాయి, 1939 డిసెంబరు 4న ప్రారంభం. జాస్పర్ తర్వాత పని అందుకుని పూర్తి చేసింది జైన్ యార్ జంగ్. ఆ జంగే 1948లో ఢిల్లీలో నిజాం ప్రతినిధిగా ఉండి, పోలీసు చర్యకు ముందు నడిచిన బేరసారాల నడుమ ఇరుక్కున్నారు. తాపీ లెక్కలు తెలిసినవాడికి రాజ్యం కూలడం ఎలా కనిపించిందో!

ఆర్ట్స్ కాలేజీలో అజంతా, ఎల్లోరా గుహల తీరు స్తంభాలూ ముస్లిం కట్టడాల కమానులూ కలిసి నిలబడ్డాయి. ఇద్దరిలో ఎవరు గొప్ప అంటే కంటికి జాస్పర్, ఒంటికి ఎష్ అంటాను. జాస్పర్ కట్టడం ముందు నిలబడితే ఫొటో దిగబుద్ధవుతుంది. తెలంగాణ ఉద్యమ కాలంలో ఆ మెట్లు టీవీల్లో ఎన్నిసార్లు కనిపించాయో చెప్పలేం. అయితే అంత అందమైన చదువుల ప్రాంగణంలోకి అందరికీ ఒకేలా దారి దొరకలేదు. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను వెళ్లగొట్టినప్పుడు దాని పరిధిలో చదువు తెగినవాళ్లలో మన వంగర పీవీ నరసింహారావు కూడా ఉన్నారు. నాగ్‌పూర్ పోయి చదువు సాగించారు.

పేరు, పని

1921లో ఎష్ హైదరాబాద్ కొలువు విడిచారు. విక్టోరియా మెమోరియల్ తెరిచాక బ్రిటిష్ రాజు నుంచి బిరుదు దక్కింది. అది కూడా కలకత్తా పనికి గాని హైదరాబాద్ పనికి కాదు. ఇంగ్లండు చేరి 1950 దాకా బతికారు. 1940ల్లో హైదరాబాద్ కట్టడాల మీద వ్యాసం రాశారంటే ఇక్కడి పనిని మరిచిపోలేదనే అర్థం.

కరీంనగర్ జిల్లా వాళ్లకు ఈ కథ తిరగేసి చూస్తే తెలిసినదే. మన మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్లు గల్ఫ్‌లో ఎన్ని అంతస్తులు లేపారో లెక్క లేదు. ఆ భవనాల కింద నడిచే అరబ్బుకు మన పోరగాడి పేరు తెలియదు. ఎష్‌కు మంచి జీతం, బంగళా, తిరిగి పోవడానికి ఓడ టికెట్టు ఉన్నాయి, మనవాళ్ల అనుభవం అంత మెత్తగా లేదు. అదీ తేడా. రాయి సంగతీ అంతే. మన గుట్టలను పలకలుగా కోసి ట్యాన్ బ్రౌన్ అని పేరు పెట్టి ఓడల్లో చైనాకు పంపుతున్నాం. మూసీ ఒడ్డున కూడా రాయే కోశారు, కాకపోతే ఆ రాయి ఇక్కడే నిలిచింది.

నిలవనిస్తామా అన్నదే ఇప్పటి పేచీ. దవాఖాన పాత భవనాన్ని కూల్చి కొత్తది కడతామని 2015లో సర్కారు అన్నది. వారసత్వ ప్రేమికులు అడ్డుపడ్డారు. కట్టడం గట్టిగానే ఉంది, మరమ్మతులు చాలని వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ నిపుణులు చెప్పారు. 2020 జులైలో వానకు మురుగు నీళ్లు వార్డుల్లోకి వచ్చాయి. రోగులను తరలించి పాత భవనానికి తాళం వేశారు. వరద మింగిన చోట లేచిన దవాఖానను డ్రైనేజీ ఓడించడం ఎష్ తప్పు కాదు. 2025 జనవరి 31న గోషామహల్‌లో 2,000 పడకల కొత్త ఉస్మానియాకు శంకుస్థాపన జరిగింది. హైకోర్టుకు కూడా రాజేంద్రనగర్‌లో 100 ఎకరాలు కేటాయించారు, 2024 మార్చి 27న అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ పునాదిరాయి వేశారు.

కొత్తవి రావాలి, వద్దనడానికి లేదు. 1925లో పట్నం జనాభా ఎంత, ఇప్పుడెంత! పడకలు చాలక నేల మీద పడుకున్న రోగికి వారసత్వం గురించి పాఠం చెప్పడం మర్యాద కాదు. కానీ పాత భవనాలను ఏం చేస్తారన్నది తేల్చకుండా కొత్తవాటికి కొబ్బరికాయ కొట్టడం నాకు నచ్చలేదు. మ్యూజియం చేస్తామంటారు. మ్యూజియం అంటే టికెట్టు, తాళం, ఆరింటికి మూత. ఉస్మానియా పాత భవనానికి కావలసింది అది కాదు. సున్నం పని తెలిసినవాళ్లను పెట్టి గోడలు బాగుచేసి, మురుగు దారి మళ్లించి, కనీసం ఓపీ అయినా అక్కడే నడపాలి. రాత్రి రోగి బంధువులు పడుకోవడానికి వరండాలు తెరవాలి. సిటీ బస్సులు అఫ్జల్‌గంజ్‌కే వస్తాయి. జమ్మికుంట నుంచి వచ్చిన ముసలామెకు గోషామహల్ దారి ఎవరు చూపిస్తారు?